యవన దేశపు ఇల్లరికం
ఇండియానాపోలిస్ దాటాక, బస్సులో మన మొహం కనిపిస్తే ఊరుకోలేని జబ్బు కొద్దీ, పక్క సీటు అమ్మాయిని "మీదే ఊరమ్మా?" అని అడిగాను.

"నోరు తెరవండి అంకుల్, ముందు మీదేదో నేను చెప్తా," అంది.

పేరు దేదీప్య. రేపల్లె పిల్ల. పాత ఎముకల మీద పీహెచ్‌డీ చేస్తోంది. చిన్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు పంటి ఎనామిల్‌లో చచ్చాక కూడా నిలిచి ఉంటుందట. ఆ గుర్తు పట్టుకుని, రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకులు సముద్రం దాటి ఇటలీ దక్షిణాన ఎక్కడెక్కడ కాపురాలు పెట్టారో వెతుకుతుంది. ఊళ్ళు పట్టుకుని తిరిగే నా పళ్ళు ఇంకా కృష్ణ నీళ్ళే చెబుతాయా అని అడగబోయాను. కానీ ఆ పిల్ల కాలు ఆడిస్తూనే ఉంది.

"రేపు షికాగోలో టాక్. అందులో ఒక స్లైడ్ మీది మాట నాకు మింగుడు పడటం లేదు."

ఇదీ సంగతి. ఇటలీలో కొండ మీద, గ్రీకులు కాని స్థానికుల పల్లె పాత శ్మశానంలో ఒక మగవాడి ఎముకలు దొరికాయి. పన్ను చూస్తే గ్రీసులో పెరిగినవాడు. పక్కనే ఉన్నది అతని కూతురని, ఆ పిల్ల తల్లి ఆ పల్లె మనిషేనని డీఎన్‌ఏ చెప్పింది. పల్లెవాళ్ళ పద్ధతిలోనే మోకాళ్ళు ముడిచి అతన్ని పక్కకి పడుకోబెట్టారు. గ్రీకు కుండ ఒక్కటీ పెట్టలేదు. కాబట్టి పట్టుబడిన బానిస అని ఆమె ప్రొఫెసర్ తేల్చేశాడు.

"నువ్వు కాదంటే?"

"ఆయన రికమెండేషన్ ఇవ్వడు. అది లేకపోతే జాబ్ లేదు, జాబ్ లేకపోతే వీసా స్టేటస్ పోతుంది. అంతే అంకుల్."

"పెళ్ళాం ఊరు, పెళ్ళాం వాళ్ళ ఆచారం. పాపం, ఇల్లరికపుటల్లుడు!" అన్నాను నవ్వుతూ.

తనూ నవ్వింది. అంతలో కాలు ఆడించడం ఆపేసింది.

"మా నాన్నది ఇల్లరికమే. ఆయన సొంతూరి పేరెత్తితే అమ్మమ్మ మొహం మాడ్చేది. అయినా బానిసని ఎవరూ అనలేదు."

"వెనకాల అనే ఉంటార్లే."

"వెనకాల అన్నవి స్లైడ్‌లో పెట్టం కదా అంకుల్!"

ల్యాప్‌టాప్ తెరిచి స్లైడ్‌లో బానిస అన్న మాట కొట్టేసింది. ఇల్లరికానికి ఇంగ్లీషులో సరైన మాట దొరక్క రాసింది చెరుపుతూ, చెరిపింది రాస్తూ కూర్చుంది. సాయం చేద్దామని మొదలుపెట్టి మన పాతవాళ్ళు గ్రీకుల్ని యవనులన్న కథ దాకా పోయాను. నాటకంలో తెరకు యవనికన్న పేరు వాళ్ళ వల్లే వచ్చిందని కొందరు, కాదని కొందరు అంటారని చెబుతుండగా షికాగో వచ్చింది, ఈలోగా ఆమె పంపిన స్లైడ్ చూసి ప్రొఫెసర్ ఫోనూ చేశాడు.

"నో, ఐ టుక్ ఇట్ అవుట్. హి మ్యారీడ్ ఇన్‌టు దట్ ఫ్యామిలీ," అంది లేచి నిలబడి. అవతలి గొంతు హెచ్చింది. "దెన్ డోంట్ రైట్ ద రికమెండేషన్, ప్రొఫెసర్."

ఫోను చెవిన పెట్టుకునే బ్యాగు దించుకుంది. యవనిక మాట నా నోట్లో ఉండగానే మెట్లు దిగి, వెనక్కి చూడకుండా జనంలోకి నడిచి వెళ్ళిపోయింది.