ఏడుగురు కాదు, ఏడు

ఎండలు ముదిరాయంటే మా ఆమదాలవలస స్టేషన్ రోడ్డులో కుండలు దిగుతాయి. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, దాన్నిండా చల్లటి నీళ్ళ సీసాలూ ఉన్నాయి. అయినా ఏటా ఒక కుండ కొనకుండా ఉండలేను. మొన్న కూడా వెళ్ళాను. అమ్మే ఆవిడ ఒక కుండ ఎత్తి, వేలు మడిచి దాని పొట్ట మీద కొట్టింది. ఖంగుమంది. ఆ మోత లోపల తిరిగి తిరిగి అణిగిపోయేదాకా నేను దాని మూతి దగ్గర చెవి పెట్టి నిలబడ్డాను. పక్కన బేరమాడుతున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూడనీ. నడిరోడ్డు మీద కుండలో చెవి పెట్టే ఈ జబ్బు నాకు అంటించినవారు మాధవయ్య మాస్టారు. ఆయన పోయి చాలాకాలమైంది, మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. చూడనివాళ్ళకి ఆయన గురించి చెప్పాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నాను.

అరవైల చివరి మాట. నేను విజయనగరంలో బి.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. మాస్టారు గుంటూరు వైపు నుంచి హైస్కూల్లో తెలుగు చెప్పడానికి వచ్చి, ముప్పై ఏళ్ళు చెప్పి, రిటైరయ్యాక కూడా విజయనగరంలోనే ఉండిపోయిన మనిషి. కళ్ళకి శుక్లాలు వచ్చాయి. చదివిపెట్టడానికి, చెప్పింది రాసిపెట్టడానికి ఎవరైనా కావాలని ఆయన అడిగితే పిన్ని నన్ను పంపింది. పని ఏమిటంటే, తెలుగులో వెలువడిన ఒక విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరి నాటకశాల గురించి ఒక వ్యాసం ఉంది. అది ఆయన రాసిందే. కింద ఆయన పేరు కూడా ఉంది. ఇప్పుడు ఆ గ్రంథం కొత్త కూర్పు వస్తోంది కాబట్టి, వ్యాసాన్ని సరిచూసి, పెంచి పంపమని ఆఫీసు వాళ్ళు ఉత్తరం రాశారు. ఆయన జీవితంలో అచ్చయింది ఆ ఒకటిన్నర పేజీయే. ఆ సంపుటాన్ని పట్టుగుడ్డలో చుట్టి దాచుకునేవారు. ఇంటికి ఎవరొచ్చినా, పాలవాడితో సహా, ఆ పేజీ చూడకుండా గడప దాటే వీలు లేదు.

ఉత్తరంలో ఒక ప్రశ్న ఉంది. ఈ శాలలో మైకు లేకుండా చివరి వరుసకి కూడా మాట స్పష్టంగా వినిపిస్తుందని మీరు రాశారు, కారణం వివరించలేదు, వివరించండి అని. మొదటిరోజు ఆయన నా చేత కలం పట్టించలేదు. నేరుగా నాటకశాలకి తీసుకెళ్ళారు. బొబ్బిలి నుంచీ నౌపడ నుంచీ కూడా జనం రైలెక్కి వచ్చి నాటకాలు చూసే శాల అది. పగటిపూట ఖాళీగా ఉంది. నన్ను చిట్టచివరి బెంచీ మీద కూర్చోబెట్టి, తాను నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి వేదిక ఎక్కారు. అంత దూరం నుంచి ఆయన ముఖం కూడా ఆనలేదు నాకు. పక్కన కూర్చున్న మనిషిని అడిగినట్టు, గొంతు ఏమాత్రం పెంచకుండా, "అమ్మాయ్, పొద్దున్న ఏమైనా తిన్నావా?" అన్నారు. ఆ మాట నా భుజం దగ్గర వినిపించింది. కంగారులో, "తిన్నానండీ!" అని పెద్దగా కేకేశాను. ఆయన రెండు చెవులూ మూసుకున్నారు.

బయటికి వస్తూ, "ఎందుకిలా వినిపిస్తుందో నాకు తెలీదమ్మా," అన్నారు. "తెలీదని రాయడానికి అప్పుడు సిగ్గుపడ్డాను. కట్టించినవాళ్ళ గురించి రాసి ఊరుకున్నాను." ద్వారం పక్కన గోడకి ఒక పాలరాతి పలక. దాని మీద ఏడుగురు శెట్ల పేర్లు. మాస్టారి వ్యాసంలో 'ఈ శాలకు ఏడుగురు శెట్లు ఆధారముగా నిలిచిరి' అన్న వాక్యం ఉంది. అది అచ్చయ్యాక, పలక చెక్కించడానికి శాల కమిటీ ఊళ్ళో వెతికితే ఏడు పేర్లు దొరకవా? నిజానికి పదకొండు వచ్చాయట, నలుగురి మనవల్ని బుజ్జగించి పంపారట.

వ్యాసానికి మూలం ఆయన పాత నోటుపుస్తకాలు. ఊళ్ళో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది రాసుకున్నవి. ఆయనకొక నియమం ఉండేది. విన్నది విన్నట్టు ముందు రాయాలి, దిద్దడం తరవాత. అందువల్ల ఆ పుస్తకాల నిండా మా ఊళ్ళ మాటే ఉండేది. వాటిని పైకి చదవడం నాకు ప్రాణసంకటంగా ఉండేది. కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి 'సెప్పండి' అన్నానని క్లాసంతా నవ్వారు. ఆ రోజు నుంచి ప్రతి చకారాన్నీ నొక్కి నొక్కి పలికేదాన్ని. నా మాటని పెట్టెలో పెట్టి తాళం వేసి, ఎరువు తెచ్చుకున్న మాటతో తిరుగుతున్నాను. అలాంటి గొంతుతోనే ఒకనాడు, శాల కాపలాదారు అప్పన్న చెప్పిన మాటలున్న పేజీ చదివాను. అప్పటికి అప్పన్న లేడు. 'ఏడు సట్ల మీద నిలబడ్డాది బాబూ ఈ సాల. అయ్యి నేకపోతే దీనికి నోరు నేదు.' చదివి ఆగిపోయాను. మా అమ్మ చేపల పులుసు కాచేది సట్టిలోనే. మట్టి సట్టి.

ఆ మాట వెంటనే అనలేకపోయాను. పట్టుగుడ్డ గుర్తొచ్చింది. ఆయన ఎంత మురిపెంగా ఆ పేజీ విప్పేవారో గుర్తొచ్చింది. నేనెవర్ని, ఇరవై రెండేళ్ళదాన్ని, ఆయన ఒకే ఒక్క పేజీలో తప్పు పట్టడానికి? రెండు రోజులు ఆ పేజీ జోలికి పోకుండా మిగతా పేజీలే చదివాను. మూడోరోజు శాల కమిటీ పెద్ద గున్నేశ్వరరావు గారు వచ్చారు. పాలరాతి పలక మీద మొదటి పేరు వాళ్ళ తాతగారిదే. చెడ్డమనిషి కాదు, శాల అంటే ప్రాణం.

"శుభవార్త మాస్టారూ," అన్నారు కూర్చుంటూనే. "వేదిక కింద డొల్లగా ఉంది. సోమవారం చెక్కలు పీకించేసి, రాళ్ళూ రప్పలూ పోయించి, పైన సిమెంటు చేయిస్తున్నాం. వందేళ్ళు కదలదు. ఈ సంగతి కూడా మీ వ్యాసంలో కలపండి."

ఆయన వీధి దాటేదాకా ఆగాను. ఆగి, "మాస్టారూ, అప్పన్న చెప్పింది శెట్ల గురించి కాదండి," అనేశాను. "సట్టి అంటే మట్టిపాత్ర. మీరు చట్టి అంటారే, అది. ఆ వేదిక కింద ఉన్నవి అవేనేమోనండి."

మాస్టారు నోటుపుస్తకం నా వైపు తోశారు. కోపం వచ్చిందనుకున్నాను. "మళ్ళీ చదువు," అన్నారు. "అప్పన్న అన్నట్టే చదువు. ఆ కాలేజీ గొంతుతో వద్దు." చదివాను. ఆ ఇంట్లో మొదటిసారి మా అమ్మ మాటతో చదివాను. ఆయన వేళ్ళు ముడుస్తూ, తనలో తను చెప్పుకుంటున్నట్టు అన్నారు. "ఏడు సట్లు అన్నాడు. ఏడుగురు అనలేదు. అయ్యి అన్నాడు, ఆళ్ళు అనలేదు. మనుషులకైతే ఏడుగురు, వస్తువులకైతే ఏడు అని ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పానమ్మా నేను. అప్పన్న వ్యాకరణం తప్పలేదు. వీళ్ళు శెట్టిని సట్టి అంటారు కాబోలనుకుని, 'గురు' తగిలించి, అతని మాటని నేను దిద్దాను." తరవాత లేచి చెప్పులు వేసుకుని, "కుమ్మరివీధికి దారి తెలుసా?" అని అడిగారు.

కుమ్మరివీధిలో నలుగురిని అడిగితే పైడమ్మ దగ్గరికి పంపారు. డెబ్బై దాటిన మనిషి. మట్టి పిసుకుతూనే మాట్లాడింది. "మా అయ్యే సేసినాడు బాబూ. ఏడు పెద్ద సట్లు. నాను అప్పుడు సిన్నగుంటని. బండి మీదెడితే పగిలిపోతాయని ఈదంతా సేతుల మీద మోసుకెల్లినాం. మూతులు పైకెట్టి, సుట్టూ ఇసక పోసి, ఆటి మీద సెక్కలేసినారు. ఒక్కోదానికి ఒక్కో గొంతు రావాలని మా అయ్య ఎన్ని పగలగొట్టీసినాడో!"

మాస్టారు ఆవిడ పక్కన నేల మీద చతికిలబడ్డారు. "ఇన్నేళ్ళూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేమమ్మా?"

"ఎవులడిగినారు?" అంది పైడమ్మ. అందులో నిష్ఠూరం ఏమీ లేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే. మాస్టారు తల వంచుకున్నారు. వెళ్ళేముందు, సోమవారం మాతో శాలకి రమ్మని ఆవిడని అడిగారు.

సోమవారం పొద్దున్నే మేం ముగ్గురం శాలకి వెళ్ళేసరికి కమిటీ వాళ్ళు ముందు వరుసలో ఉన్నారు. కూలీలు గునపాలతో సిద్ధంగా ఉన్నారు. బయట రాళ్ళ గుట్ట. నేను అలవాటుగా చివరి బెంచీకి వెళ్ళి కూర్చున్నాను. మాస్టారు వేదిక ఎక్కి, పని ఆపమన్నారు. సంగతి చెప్పారు. గున్నేశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. కోపం వస్తే ఆయనకీ ఊరి మాటే వచ్చేది. "ఏటి మాస్టారూ ఇది! మా తాత పేరు రాతి మీదున్నాది. మీ పుస్తకం సూసే కదా సెక్కించినాం!"

"పుస్తకం చూసే చెక్కించారు," అన్నారు మాస్టారు. "అది రాసింది నేను. నేను తప్పు రాశాను."

ఆయన గొంతు పెంచలేదు. ఆ శాలలో పెంచనక్కర్లేదు. నేను తప్పు రాశాను అన్న ఆ మాట, ముందు వరుసలో పెద్దలకి ఎంత వినిపించిందో గోడవారన గునపాలు పట్టుకున్న కూలీలకీ అంతే వినిపించింది, చివరి బెంచీలో నాకూ అంతే వినిపించింది. తప్పు ఒప్పుకునేటప్పుడు ఎవరైనా గొంతు తగ్గిస్తారు. ఆ శాలలో తగ్గించినా దాగదు. ఆ సంగతి ఊళ్ళో అందరికన్నా ఆయనకే బాగా తెలుసు. తెలిసే ఆ వేదిక ఎక్కారు. నాకు ఏడుపు వచ్చింది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. అంత పెద్ద మనిషిని అంతకుముందు చూడలేదు, అందుకని.

"ఒక్క చెక్క ఎత్తించండి," అన్నారాయన. "కింద ఏమీ లేకపోతే మీ సిమెంటు మీరు పోయించుకోండి." రెండు చెక్కలు లేపారు. అందరం వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుని తొంగిచూశాం. ఇసుకలో భుజాల దాకా పాతుకుని, మూతులు తెరిచి, పైకి చూస్తున్నాయి. నా చేతులు చాచినా చుట్టూ అందనంత పెద్దవి. అరవై ఏళ్ళుగా ఎవరి కంటా పడకుండా, ఎంతమంది రాజులు, ఎంతమంది హరిశ్చంద్రులు తమ నెత్తిన నిలబడి ఏడ్చినా, ఆ ఏడుపుని చివరి వరుసకి అందిస్తూ కూర్చున్నాయి. పైడమ్మ చెక్కల అంచున బోర్లా పడుకుని, చెయ్యి చాచి, ఒకదాన్ని వేలితో కొట్టింది. శాలంతా మోగింది. ఇంకోదాన్ని కొట్టింది, మరో గొంతు. మూడోది బొంగురుగా పలికింది. "ఇది బీటిచ్చీసినాది. ఇదే నాను కూడా సెయ్యేసి మోసింది," అని, దాన్ని చేత్తో నిమిరింది. గున్నేశ్వరరావు గారు వంగి, నోరు దగ్గరపెట్టి, "ఓ" అన్నారు. సట్టి ఆయనకి బదులిచ్చింది. ఆయన చాలాసేపు వంగే ఉన్నారు. తరవాత లేచి, రాళ్ళ బండి వెనక్కి తోలించేయమన్నారు. పాలరాతి పలక మాత్రం తీయించలేదు. తాతల్ని గోడ మీంచి దించడం అంత తేలిక కాదు.

వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాశాం. ఇంకో వారం పట్టింది. అప్పన్న మాట అతను అన్నట్టే పెట్టించారు. సట్లు చేసింది పైడమ్మ తండ్రి కుమ్మరి నారాయుడని రాయించారు. చివర, 'మొదటి కూర్పులో ఏడుగురు శెట్లని రాసినవాడను నేనే, అది నా పొరపాటు' అని ఒక వాక్యం చెప్పారు. నా కలం ఆగింది. కింద ఆయన పేరు తీసేయమంటారేమో అని భయపడి అడిగాను. "పేరు ఉండనీ," అన్నారు. "పొరపాటు ఎవరిదో తెలియాలి కదా."

ఆఫీసు నుంచి జాబు వచ్చింది. వ్యాసం చాలా బాగున్నదనీ, కాని 'సట్లు' అనునది రాతపొరపాటుగా తోచుచున్నదనీ, దానిని 'చట్లు' అని దిద్దుచున్నామనీ. మాస్టారు అంత గట్టిగా నవ్వడం నేనెప్పుడూ వినలేదు. అప్పటికప్పుడు నా చేత కార్డు రాయించారు. 'అయ్యా, దయచేసి దిద్దవద్దు. ఒకసారి దిద్దినందుకే లేని మనుషులు ఏడుగురు పుట్టారు.'

సంపుటం వచ్చేసరికి ఆయనకి అక్షరాలు బొత్తిగా ఆనడం మానేశాయి. నేనే చదివి వినిపించాను. ఈసారి దాన్ని పట్టుగుడ్డలో చుట్టలేదు. చంకలో పెట్టుకుని కుమ్మరివీధికి నడిచారు. పైడమ్మ మట్టిచేతులు కొంగుకి తుడుచుకుని, "మా అయ్య పేరు ఏదీ?" అంది. ఆవిడ వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద పెట్టాను. వేలు తీయకుండానే అడిగింది.

"సట్లనే రాసినారా, ఇంకేటైనా రాసినారా?"

"సట్లనే రాశారు."

"అయితే మా అయ్యే," అంది.

తరవాత నాకు నౌపడలో టీచరుద్యోగం వచ్చింది. ఉప్పుమళ్ళలో పనిచేసేవాళ్ళ పిల్లలు, 'సెప్తాను టీచరూ' అని చెయ్యెత్తితే, ముప్పై మూడేళ్ళలో ఒక్కసారి కూడా ముందు దిద్దలేదు. ముందు విన్నాను. పుస్తకం మాట కూడా నేర్పాను, అది నా పని. కాని పిల్లల మాట వెనక నాకు తెలియని సట్టి ఏదో పాతిపెట్టి ఉంటుందన్న భయం, భక్తి, రెండూ ఇప్పటికీ పోలేదు.

మొన్న స్టేషన్ రోడ్డులో ఆ కుండలావిడ కాసేపు ఓపికపట్టి, ఉండబట్టలేక అడిగింది. "అంతసేపు ఏటి ఇంటన్నారమ్మా?"

ఆ రోజు పెట్టెలోంచి తీసిన మాటకి నేను మళ్ళీ తాళం వేయలేదు.

"దీనికి నోరున్నాదా నేదా అని సూస్తన్నాను," అన్నాను.