చిన్ని బుగ్గ మీద వేళ్ళు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా చర్చిలో ఎవరైనా దయ్యం పట్టిందని ఊగిపోతుంటే, ముందు ఆ మనిషికి ఇంత అన్నం పెట్టండి, ప్రార్థన సంగతి తర్వాత చూద్దాం అనేదాన్ని. ఇప్పటికీ అదే అంటాను. కాబట్టి నేను చెప్పేది విని నవ్వాలనిపిస్తే నవ్వండి. నాకు మాత్రం ఆ రోజు తలుచుకుంటే భయంకన్నా రోతే ఎక్కువ పుడుతుంది.

గుంటూరు శివార్లలో, మిర్చి కోల్డ్ స్టోరేజీల మధ్య కూలీల పిల్లల కోసం నడిపే ఒక కేంద్రంలో పనిచేశాను. తల్లులు పక్క షెడ్లలో మిరపకాయల తొడిమలు తీస్తుంటే పిల్లలు ఇక్కడ ఉంటారు. నా ఉద్యోగం ఆ పిల్లల్ని గమనించి రాయడం. ఒక మూల కూర్చుని ఎవరు ఎవరితో ఆడుతున్నారు, ఎవరు ఎందుకు ఏడుస్తున్నారు, ఎవరికి మాటలు ఎంతవరకు వచ్చాయి అన్నీ రాయాలి. చూసింది చూసినట్టు రాయాలి, సొంత అభిప్రాయం ఒక్క ముక్క కలపకూడదు.

అక్కడ నాకు మొదట వింతగా కనిపించినవి పిల్లల మోచేతులు. ఒకడు ఏడిస్తే పక్కనున్న పిల్ల వెళ్ళి వాడి బుగ్గను మోచేత్తో నిమిరేది. బొమ్మను జోకొట్టినా మోచేత్తోనే. తర్వాత అర్థమైంది. మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వచ్చే తల్లులు బిడ్డల్ని అరచేత్తో ముట్టుకోరు. ఎంత సబ్బు రుద్దినా, ఎంత నూనె రాసినా మిరప ఘాటు వేళ్ళను వదలదు. అందుకని అన్నం స్పూనుతో పెట్టి, మోచేత్తో ముద్దుచేసి పోతారు. ఆ పిల్లలకు తెలిసిన ముద్దు అదే.

ఇక కేంద్రం సంగతి. ఛీ, చెప్పాలంటేనే నోరు చేదవుతుంది. ఆయా చేతిలో ఒకటే గుడ్డ. దాంతోనే ముక్కులు తుడిచేది, దాంతోనే నేల మీద ఒలికిన పప్పు తుడిచేది, మళ్ళీ దాంతోనే మూతులు. అడిగితే "ఏం కాదు మేడం, మనమంతా ఇట్టాగే పెరిగాం కదా" అని నవ్వేది. మేనేజరుకు అవేవీ పట్టవు. పైనుంచి ఎవరైనా చూడ్డానికి వస్తే పిల్లలు గోల చేయకూడదు, అంతే ఆయన పట్టింపు.

ఆ రోజు ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని పొద్దుటినుంచీ హడావిడి. మధ్యాహ్నం తల్లులు అన్నాలు పెట్టి అటు వెళ్ళారో లేదో, పిల్లలంతా చాపల మీద పడి నిద్రపోయారు. నాకు తేడాగా అనిపించింది. ఎండకి అలిసిపోయారులే అంది ఆయా. గుమ్మం దగ్గరి చాప మీద చిన్ని పడుకుంది. ఏసమ్మ కూతురు, రెండేళ్ళది, రోజూ అందరికన్నా ఆఖరున నిద్రపోయే గడుగ్గాయి. తలుపు గడియ వేసి ఉంది, కిటికీకి జాలీ ఉంది, ఆయా వంటగదిలో ఉంది. గదిలో మెలకువగా ఉన్నది నేనొక్కదాన్నే.

చూస్తుండగానే చిన్ని బుగ్గ మీద ఎర్రటి గీత ఒకటి లేచింది. దాని పక్కన ఇంకొకటి. మళ్ళీ ఇంకొకటి. ఎవరో ఒక్కొక్క వేలూ నిదానంగా ఆనిస్తున్నట్టు. చివరికి పెద్దవాళ్ళ చేతి అచ్చు పడింది. పిల్ల కెవ్వున లేచి భళ్ళున కక్కింది. ఆ పక్క చాప మీది పిల్లవాడి బుగ్గా ఎర్రబడింది, వాడూ లేచాడు. అలా వరసన చివరి చాప వరకూ, ఎవరో వంగి వంగి ముట్టుకుంటూ పోతున్నట్టు.

కక్కినదాంట్లోంచి దగ్గుమందు వాసన గుప్పుమంది. అన్నం మెతుకుల మధ్య గులాబీరంగు జిగురు. చిన్నిని ఎత్తుకుని బుగ్గ తుడిచాను. అదే చేత్తో చెమట తుడుచుకుంటే కన్ను భగ్గుమంది. మిరప మంట. గుంటూరులో పుట్టినదాన్ని, ఆ మంట నాకు కొత్తా?

ఏడుపులు విని తల్లులు పరిగెత్తుకొచ్చారు. ఏసమ్మ పిల్ల మూతి వాసన చూసి, "ఏం తాగిచ్చావే నా బిడ్డకి?" అని ఆయా జుట్టు పట్టుకుంది. అప్పుడు బయటపడింది. నిద్రమత్తు వచ్చే దగ్గుమందు రోజూ అన్నం వేళకు ముందు పిల్లల్ని వంటగదిలోకి పిలిచి పోస్తోందట. ఆ రోజు మేనేజరు చెప్పాడని ఇంకాస్త పోసిందట. ఒక పట్టాన నిద్రపోదని చిన్నికి మరీనూ. పిల్ల లేచి కక్కబట్టి బతికింది, లేకపోతే ఆ నిద్రలోనే పోయేది అన్నాడు మేం తీసుకెళ్ళిన బ్రాడీపేట డాక్టరు.

ఆ చెయ్యి ఎవరిది? తల్లులెవరూ షెడ్డు దాటలేదు. గాలికి మిరప దుమ్ము వచ్చి పడిందనుకుందామంటే, దుమ్ముకి వేళ్ళుంటాయా? ఆయా వేళ్ళు పట్టుకుని నా రెండో కంటికి రాసుకుని మరీ చూశాను. మంట లేదు. ఏసమ్మ ఒక్కతే ఆశ్చర్యపోలేదు.

"మిరప చెయ్యి పసిబిడ్డకి తగిలితే ఎంత మంటో తెలిసిన మనిషేనమ్మా అది. తెలిసే పెట్టింది. ఊరికే పిలిస్తే లేస్తారా వాళ్ళు?" అంది.

నేను చూసింది చూసినట్టు రాశాను. మందు సంగతీ రాశాను, వేళ్ళ సంగతీ రాశాను. మేనేజరు పిలిచి మందు సంగతి తీసేయమన్నాడు. వేళ్ళ సంగతి ఉంచమన్నాడు! దయ్యం మీద కేసుండదు కదా. "మీరు చదువుకున్నోళ్ళు మేడం, మీరు రాస్తే జనం నమ్ముతారు" అని పళ్ళికిలించాడు. థూ, ఏం మనుషులండీ! ఒక్క అక్షరం తీయనన్నాను. నా ఉద్యోగం పోయింది. గట్టిగా అడిగిన తల్లులను పని మాన్పిస్తానని బెదిరించాడు. ఏసమ్మ ఇప్పుడు చిన్నిని మిరప టిక్కీల, ఆ పెద్ద బస్తాల పక్కనే గోనెపట్టా మీద కూర్చోబెట్టుకుంటోంది. మిగతావాళ్ళు వేరే దారి లేక మళ్ళీ అక్కడికే పంపుతున్నారు.

మొన్న ఏసమ్మ కనిపించి చెప్పింది. మేనేజరు ఆ గదికి శాంతి చేయించి, గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ కొట్టించాడట. ముక్కలు ఎత్తి పారేసింది ఆయానేనట. మందు పోసిన మనిషిని ఉంచుకుని, పిల్లల్ని లేపినదాన్ని తరిమారు.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. కానీ రోజూ మధ్యాహ్నం, ఆ పిల్లలు నిద్రపోయే వేళ అయ్యేసరికి, అది నిజంగానే వెళ్ళిపోయిందేమోనని భయమేస్తుంది.