హుస్సేన్‌సాగర్ మీద బండ్ల బాట

శుక్రవారం నా కొలాజ్‌ల ప్రదర్శన. పాత పటాలు కత్తిరించి, వేరే వరసలో అతికించి, తెలిసిన చోటునే కొత్తగా చూపించడం నా పని. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక గ్రామ నక్షను హైదరాబాదు పటంతో కలిపి పెద్ద బొమ్మ చేశాను. నక్షలో పొలాలకు నెంబర్లే ఉన్నాయి, పేర్లు లేవు. ఆ పేర్లు ఆ ఊళ్లోనే అడిగి రాసుకుందామని ఆదివారం ఏ ముహూర్తాన బయల్దేరానో గానీ, అంతా చిరాకే.

ఏడున్నరకు కోఠిలో బస్సెక్కాను. చుట్టిన బొమ్మను నిలబెడితే పైన తగిలేది, పడుకోబెడితే జనం తొక్కేవాళ్లు. పక్క సీట్లో డ్యూటీకి వెళ్తున్న ఫ్యాక్టరీ కార్మికుడు దాన్నే చూస్తున్నాడు.

"నక్షనా సార్? ఏ కంపెనీ వస్తున్నది?"

"కంపెనీ కాదు, బొమ్మ."

"చెప్పొద్దంటె చెప్పకుండ్రి గని, బొమ్మ అంటరేంది!"

తొమ్మిదింటికి పటాన్‌చెరు. ఫ్యాక్టరీల గాలికి ముక్కు మండిపోయింది. ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. సంగారెడ్డి బస్సు కోసం గంట నిలబడ్డాను. ఖాళీగా వచ్చినది ఆగలేదు, ఆగినదాంట్లో కాలు పెట్టే చోటు లేదు. పదకొండుకు రుద్రారంలో దిగి ఎండలో రెండు కిలోమీటర్లు నడిచాను. మీరెవరైనా ఇటు వస్తే గొడుగు తెచ్చుకోండి. చుట్టిన కాగితం మాత్రం తేకండి.

ఎందుకంటే, ఊళ్లో నా చేతిలోది చూడగానే అరుగుల మీదివాళ్లు లేచి లోపలికి పోయారు. ఇక్కడ నక్షతో మనిషి వచ్చాడంటే ఎవరిదో భూమి పోతుందని అర్థం. "బొమ్మండీ, బొమ్మ" అని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

ఒకప్పుడు చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరడిగా పనిచేసిన మల్లయ్య ఒక్కడే, "ఇప్పు సారూ, సూద్దాం" అన్నాడు. ఆయనకు చదువు రాదు. కాలువ గీత దొరకగానే వేలితో దాని వెంట సాగిపోయాడు.

"గిది రేగడి మడి. గిది తుమ్మల చెల్క."

నేను గబగబా రాసుకున్నాను. పొద్దుటి విసుగంతా పోయింది. అంతలో ఆయన వేలు ఆగింది.

"ఈడ రెండు సుక్కల గీతలుండాలె. మా బండ్ల బాట."

"అదా! ఇదిగో," అని హుస్సేన్‌సాగర్ మీద వంతెనలా అతికించిన ముక్క చూపించాను. బొమ్మలో నాకు బాగా నచ్చింది అదే.

ఆయన వంగి, కత్తిరించిన అంచు మీద వేలితో రాశాడు.

"కంపెనోళ్లు గోడ గట్టి బాట మూసిన్రు. ఏడుందో నక్షల సూపియ్యమన్నరు. మండలాఫీసుకు పోతె మా ఊరి నక్ష లేదన్నరు. రెండేండ్లు తిరిగిన. నీ తాన ఉండెనా సారూ?"

"ఊడదీసి ఇస్తాను, తీసుకోండి." ముక్క అంచును గోటితో లేపబోయాను.

"కత్తెర పడ్డంక ఎవడు నమ్ముతడు? నువ్వే తీస్కపో."

మూడున్నరకు తిరుగు బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా. పొద్దుట్నించి బస్సుల మీద, ఎండ మీద, అడిగినవాళ్ల మీద విసుక్కున్నవాణ్ణి, ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది. శుక్రవారం వచ్చినవాళ్లంతా ఆ వంతెన దగ్గర ఆగి మెచ్చుకుంటారు. బస్సు కంపెనీ గోడ పక్కగా పోతుంటే మల్లయ్య కనిపించాడు. ఎరువు గంప నెత్తిన పెట్టుకుని, గోడ చుట్టూ తిరిగి పొలానికి పోతున్నాడు.