నుదుటి ముందు ఆగే కర్ర

మొన్న క్రిస్మస్ ఊరేగింపులో మా సంఘం యువకులు కావలి బజారులో కర్రసాము చేశారు. కర్రకు రెండు కొసలా నిప్పు కట్టి, డప్పుకు తగ్గట్టు తిప్పుతుంటే జనం ఈలలు వేశారు. నేను కళ్ళు మూసుకుని, కర్ర గాలిని కోస్తున్న మోత విన్నాను. ఆ మోత ఎక్కడా తెగలేదు. ఏసోబు మామ చేతిలో అయితే ఠక్కున తెగేది.

ఏసోబు మామ మాకు బంధువు కాదు, ఊరంతా అలాగే పిలిచేది. బోగోలు దగ్గర మా పల్లెలో చేలకు కాపలా ఉండేవాడు. కోతల కాలంలో దొంగల భయం ఉన్న రోజుల్లో తండ్రి దగ్గర నేర్చుకున్న విద్యను, పంతొమ్మిది వందల యాభైల చివర, సాయంత్రాలు ఇసుకదిబ్బ మీద మా ఈడు వాళ్ళకు నేర్పాడు. తిప్పడం నాకు త్వరగానే వచ్చింది. ఆపడం రాలేదు. పూర్తి బలంతో వచ్చిన కర్ర ఎదుటివాడి నుదుటి ముందు, తగలకుండా నిలిచిపోవాలి. అందుకు మామ తన నుదురే చూపి నిలబడేవాడు. నేను భయపడి ముందే వేగం తగ్గించేవాణ్ణి.

“ఈగను తోలతా ఉండావా అబ్బయా? నిండుగా రా. రానోడికి ఆపేదేముంది?” అని నవ్వేవాడు.

సాముకు ముందు నేలను తాకి కర్రను కళ్ళకద్దుకోవడం పాత ఆచారం. బాప్తిస్మం పొందాక మామ అది మాని, మోకరించి ప్రార్థన చేసి కర్ర అందుకునేవాడు. మాకూ అదే నేర్పాడు. అయినా సంఘ పెద్దల మనసు ఒప్పుకోలేదు. జాతరల్లో ఆడే ఆట విశ్వాసికి తగదన్నారు. కర్ర వదిలే దాకా, రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్లకు దూరంగా ఉండమన్నారు. ఆ ఆదివారం మామ చివరి వరుసలో కూర్చున్నాడు. రొట్టె పళ్ళెం దగ్గరికి రాగానే ఆయన అరచేతులు వాటంతటవే తెరుచుకున్నాయి. పళ్ళెం ఆగకుండా పక్కకు వెళ్ళింది. చేతులు మెల్లగా ముడుచుకున్నాయి.

సాయంత్రం దిబ్బ మీద నాతో చెప్పాడు.

“ఆ రొట్టె లేకుండా నేను బతకలేనబ్బయా. ఇది లేకుండా ఎట్నో బతకతా. నీకింకా ఆపేది రాలేదు, అదే బాధ.”

కర్రను మా సంఘం గుడికి ఇచ్చేశాడు. పెద్దలు దాని కొసకు కానుకల సంచి కట్టి, వరుసల్లో తిప్పే పని ఆయనకే అప్పగించారు. ప్రతి ఆదివారం ఆ సంచి గాలిలో జారినట్టు వచ్చి, ఎవరినీ తాకకుండా, గుండెల ముందు బెత్తెడు దూరంలో నిలిచేది. అది కర్రసామేనని దిబ్బ మీద నేర్చుకున్న మాకు మాత్రమే తెలిసేది.

అరవైలు ముగిసేసరికి కొత్త పాస్టరుగారు వచ్చారు. ఊరేగింపుకు జనం కూడాలంటే కర్రసాము ఉండాలన్నారు. మునుపు వద్దన్న పెద్దలు ఈసారి తలలూపారు. అప్పటికి మామ వేళ్ళు కీళ్ళవాతంతో వంకరపోయాయి. సాము కర్ర తిప్పలేక దిబ్బ మీద కూర్చుని నోటితోనే చెప్పబోయాడు. కుర్రవాళ్ళేమో సర్కసులో చూసిన తిప్పుళ్ళు తిప్పుతున్నారు.

“ఆపేది ఎవురు చూస్తారు మామా?” అన్నాడొకడు.

“ఎవురూ చూడరు. తగిలినోడు చూస్తాడు.”

వాళ్ళు నవ్వుకున్నారు. కాసేపటికి ఒకడి కర్ర ఇంకొకడి కనుబొమ్మ చీల్చింది. మామ తన తువ్వాలుతో నెత్తురు తుడిచాడు. మళ్ళీ దిబ్బకు రాలేదు.

ఆనాడు పెద్దలు కర్ర వదలమన్నది ద్వేషంతో కాదు, దేవుని మీది భయంతోనే. నేనూ ఆ బల్ల దగ్గరే బ్రతికినవాణ్ణి. కానీ మోకాళ్ళ మీద మొదలైన విద్యను ఆపించి, ఈలలతో ముగిసేదాన్ని గుడి ముందుకు తెచ్చుకున్నామే అన్న దిగులు నా ప్రార్థనలో ఇప్పటికీ ఉంది.

మామ పోయాక సంచి పని నాకు వచ్చింది. పట్టుకునే చోట కర్ర ఆయన పిడికిలి మేర నున్నగా అరిగి ఉంది. అక్కడే పట్టుకుంటాను. ప్రతి వరుసలో ఆపాలనే చూస్తాను. ఎవరో ఒకరి చొక్కాకు సంచి ఇంకా తగులుతూనే ఉంది.