సాయంత్రం అయిదుకు ఆరిపోయే బట్టీ

2024లో నరసరావుపేటలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగో సంవత్సరం సివిల్ విద్యార్థులకు నేను ప్రాజెక్ట్ గైడ్‌ని. గైడ్ అంటే పెద్ద పదవేమీ కాదు. పిల్లలు తెచ్చిన రిపోర్టు చదివి, సంతకం పెట్టి, వైవాకు పంపాలి. వైవా అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు కూర్చుని, చేసిన పని గురించి చెప్పుకోవడం. అందులో తప్పితే డిగ్రీ ఆగిపోతుంది. ఆ ఏడాది నా బల్ల మీదికి వచ్చిన రిపోర్టులన్నీ ఒకే మనిషి రాసినట్టుండేవి. చదవలేక విసుగెత్తిపోయాను.

ఏఐ వాడొద్దని నేనెప్పుడూ అనలేదు. వాడండి, దేనికి వాడారో రాయండి, అది చెప్పింది సరిచూసుకోండి అని గొంతు పోయేలా చెప్పాను. గోడకు చెప్పినట్టే అయింది.

కోటేశ్వరిది పిడుగురాళ్ల. సున్నం బట్టీల్లో కార్మికుల భద్రత మీద ప్రాజెక్ట్ తీసుకుంది. ఇరవై మంది కార్మికులతో మాట్లాడి రాయాలి. వాళ్ల నాన్న వీరయ్య ఏళ్ల తరబడి బట్టీలోనే పనిచేస్తున్నాడు కాబట్టి ఈ పిల్లైనా సొంతంగా రాస్తుందని ఆశపడ్డాను. వైవాకు పన్నెండు రోజుల ముందు రిపోర్టు తెచ్చింది. మూడో అధ్యాయం తెరిస్తే, కార్మికులు ఉదయం తొమ్మిదికి బట్టీ వెలిగించి, సాయంత్రం అయిదుకు ఆర్పేసి ఇళ్లకు వెళతారట! నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మా, మీ బట్టీ సాయంత్రం ఆర్పేస్తారా?"

"లేదు మేడమ్. ఒకసారి అంటిస్తే నెలల తరబడి మండతానే ఉంటది. మా నాన్న నైట్ డ్యూటీ కూడా చేస్తాడు."

"మరి ఇదేంది?"

"ఏఐ ఇచ్చింది మేడమ్."

"ఇరవై మందిని కలిశావా?"

లేదన్నట్టు తల ఊపింది.

"తప్పని తెలిసి కూడా ఎట్టా పెట్టావే?"

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చానా మంచి ఇంగ్లీషులో ఉంది గదా మేడమ్. మిగతా ఊళ్లల్లో అట్టాగే చేస్తారేమో, మా కాడే పద్ధతి లేదేమో అనుకున్నా."

గట్టిగా దులిపేద్దామని మొదటి అధ్యాయం తిప్పాను. అంతకుముందు మొదటి రివ్యూలో నేను చూసిచ్చిన కాగితాలే అవి, మార్జిన్‌లో నా చేతిరాతే ఉంది. 'భాష చాలా బాగుంది' అని రాసి, కింద సంతకం కూడా పెట్టాను. ఆ అధ్యాయంలోనూ ఒక్క బట్టీ లేదు, ఒక్క మనిషి లేడు. ఇంగ్లీషు చూసి నేనూ మురిసిపోయాను. చెప్పొద్దూ, సిగ్గేసింది.

రిపోర్టు వెనక్కిచ్చేశాను. "ప్రశ్నలు ఏఐ చేత రాయించుకో, తప్పులేదు. జవాబులు మాత్రం బట్టీ దగ్గర తెచ్చుకో. నువ్వేం అడిగావో, అదేం చెప్పిందో, నువ్వేం మార్చావో చివర్లో జత చెయ్యి."

మూడు రోజులకు వీరయ్య ఫోన్ చేశాడు. "ఏంది మేడంగారూ ఈ కొచ్చిన్లు? 'మీకిచ్చిన సేఫ్టీ బూట్లు సౌకర్యంగా ఉన్నాయా' అంటంది మా పిల్ల. ఇస్తే గదా సౌకర్యం సంగతి! కాళ్లకేం ఏసుకుంటారని అడగమనండి, చెబుతాం."

కోటేశ్వరి అలాగే అడిగింది. వైవా రోజు ఎగ్జామినర్ సూటిగా అడిగారు. "ఏఐ వాడావా?"

"వాడాను సార్. ప్రశ్నలు అది రాసింది. పనికిరానివి కొట్టేశా. ఇంగ్లీషు దిద్దింది. జవాబులు మా బట్టీవాళ్లవి."

"మరి ఈ పేజీలో ఇంగ్లీషు సరిగా లేదే?"

"దిద్దిస్తే, బూట్లే ఇవ్వలేదని మా నాన్న చెప్పిన మాట, బూట్లు బాగాలేవని మారిపోయింది సార్. అందుకని నేను రాసిందే ఉంచా."

ఆయన ఆ పేజీ మళ్లీ చదివి, మార్కులు వేశారు. కోటేశ్వరి పాసైంది.

ఇప్పుడు మొదటి రివ్యూలోనే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను, ఇందులో నీకు తెలిసినదానికి విరుద్ధంగా ఉన్న మాట ఏది అని. చాలామంది 'అన్నీ కరెక్టే మేడమ్' అంటారు. నా విసుగేమీ తగ్గలేదు. కానీ అది పిల్లల మీద మాత్రమే చూపించడం మానేశాను. మంచి ఇంగ్లీషు కనిపిస్తే కన్నతండ్రి చేసే పనిని కూడా అనుమానించాలని ఆ పిల్లకు నేర్పింది మాలాంటి వాళ్లమే.