వాసన పోయాక పెద్దమ్మ వంట

మా పెద్దమ్మ ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళు వంట చేసింది. పగలంతా నర్సులకూ ఆయాలకూ వండి పెట్టి ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి ముందు నిలబడే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఇంట్లో అరగంట దాటే వంట ఎప్పుడూ పెట్టుకునేది కాదు. ఆసుపత్రిలో రోగులు ఏం తినాలో చెప్పే డాక్టరమ్మ ఒకావిడ, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు ఇలా తింటారని చెప్పి, ఓవెన్లో కాల్చిన కూరగాయలతో గోధుమ రవ్వ చేయడం నేర్పింది. అది పెద్దమ్మకు ఎంత నచ్చిందంటే వారంలో నాలుగు రోజులు ఇంట్లో అదే.

"సముద్రం పేరు చెప్పి మీ పెద్దమ్మ నన్ను రవ్వలో ముంచుతోందమ్మా" అనేవాడు పెద్దనాన్న. ఆయన బస్సు డిపోలో మెకానిక్. వాళ్ళకు పిల్లల్లేరు. నేను రెండు వీధుల అవతల ఉండేదాన్ని. స్కూలు ఆఫీసులో పని అయ్యాక వారానికి రెండుసార్లైనా వాళ్ళింట్లోనే భోంచేసేదాన్ని.

పెద్దమ్మ చెప్పులు విప్పకముందే ఓవెన్ వెలిగించేది. వంకాయలు, ఎర్ర క్యాప్సికం, ఉల్లిపాయలు బొటనవేలంత ముక్కలు కోసి, నూనె, ఉప్పు పట్టించి ట్రేలో పరిచేది. "ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఉడుకుతాయి, విడివిడిగా ఉంటేనే కాలతాయి" అని నాకు వందసార్లు చెప్పి ఉంటుంది. ఇంకో పక్క రవ్వ మీద మరిగే నీళ్ళు పోసి మూత పెట్టేది. నానబెట్టి ఉడికించిన కాబూలీ శనగలు ఎప్పుడూ ఫ్రిజ్‌లో ఉండేవి. ఎప్పుడు ట్రే తీయాలో గడియారం చూసేది కాదు. హాల్లో కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ, ఒక్కసారి తల ఎత్తి, "అయింది" అని లేచేది. ముక్కుతోనే వంట చేసేదన్నమాట.

ఆ ముక్కు ఒక జ్వరంతో పోయింది. పది రోజులు పడుకుని లేచింది. ఒళ్ళు కుదుటపడింది కానీ వాసన తిరిగి రాలేదు. దాంతోపాటే రుచీ పోయింది. ఉప్పు, పులుపు, కారం నాలుకకు తగిలేవి, అంతే. కాలిన వంకాయా ఉడికిన వంకాయా ఒకటే. కాగితం నములుతున్నట్టు ఉందని చెప్పింది. డాక్టర్లు కొన్నాళ్ళు చూద్దామన్నారు. ఆ కొన్నాళ్ళు నెలలయ్యాయి.

క్యాంటీన్‌లో ఈ సంగతి చెప్పలేదు. చేతికి లెక్క తెలుసు, కంటికి రంగు తెలుసు, చెవికి ఉల్లిపాయ చిటపట తెలుసు, ఇంకేం కావాలి అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఇంట్లో మాత్రం పెద్దనాన్ననే తన నాలుక చేసుకుంది. మొదటి ముద్ద ఆయన నోట్లోకి వెళ్ళేదాకా తను కంచం ముట్టుకునేది కాదు. ఆయన "బాగుంది" అంటే అప్పుడు తినేది.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి కంచాలు పెట్టేశారు. ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. నూనె ముక్కిపోయింది. పాత రంగు డబ్బా వాసన. తల ఎత్తి చూస్తే పెద్దనాన్న వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. నా వైపు ఒక్కసారి చూసి, కళ్ళతోనే వద్దన్నాడు. నేనూ నోరు మూసుకుని కంచం ఖాళీ చేశాను. పెద్దనాన్న గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి, పదిహేను రోజుల నుంచీ ఇలాగే ఉందని మెల్లగా చెప్పాడు. ఆ నూనె డబ్బా అయిపోతే కొత్తది తానే తెస్తాడట. "ఎంతని బాధపడుతుంది చెప్పు" అన్నాడు.

డబ్బా అయిపోకముందే క్యాంటీన్‌లో జరగాల్సింది జరిగింది. ఎండాకాలం, రాత్రి నానబెట్టిన శనగలు పులిసిపోయాయి. చూపుకు పెద్దగా తేడా లేదు, నురగ కొంచెం ఎక్కువనుకుని కడిగి ఉడికించేసింది. వార్డుల నుంచి వచ్చిన నర్సులు ఒక్క ముద్దతోనే కంచాలు పక్కన పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మేనేజరు పిలిచి అడిగితే పెద్దమ్మ అబద్ధం చెప్పలేకపోయింది. మర్నాటి నుంచి పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు. కూరగాయలు తరిగే బల్ల దగ్గర చోటిచ్చారు.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఏడవలేదు. మాకు జరిగిందంతా చెప్పి, "ఇంట్లో మాత్రం ఏ తేడా రానివ్వలేదు, అదే అదృష్టం" అంది. పెద్దనాన్న కంచంలో వేలితో గీతలు గీశాడు. చివరికి నూనె సంగతి చెప్పేశాడు.

పెద్దమ్మ ఆయన వంకే చూసింది. తర్వాత నా వంక. నేను తల దించుకున్నాను.

"నా ముక్కు పోయింది సరే. మీ ఇద్దరి నోళ్ళకు ఏమొచ్చింది?"

"నువ్వు బాధపడతావని..."

"మీరు నిజం చెప్తారనే కదండీ, నేనింకా వంట మనిషిననుకుంటున్నాను."

వారం రోజులు ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. రొట్టె, పాలతో సరిపెట్టుకున్నారు. ఎనిమిదో రోజు పెద్దనాన్న తనే వంకాయలు కోయడం మొదలుపెట్టాడు. నట్లు బోల్టులు తప్ప ఏమీ ఎరగని చేతులు. ముక్కలు ఒకటి ఏనుగంత, ఒకటి ఎలకంత. చూసి చూసి పెద్దమ్మ లేచి కత్తి లాక్కుంది. ఆనాటి నుంచి ఆయన నిజమే చెప్పాడు. ఉప్పు తక్కువ, అడుగున మాడింది, పుదీనా వాడిపోయింది. చెప్పేటప్పుడు ఆయన కంచంలోంచి తల ఎత్తేవాడు కాదు. పెద్దమ్మ మాత్రం తల ఊపి మర్నాడు సరిచేసుకునేది. వాళ్ళు అంత స్థిమితంగా ఉండగా నేను చూసింది ఆ పధ్నాలుగు నెలలే.

తర్వాత ఒక మధ్యాహ్నం డిపోలో, బస్సు కింద పడుకుని పని చేస్తూ పెద్దనాన్న మరి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. ఆయన చేతిలో స్పానర్ అలాగే ఉందట.

అందరూ వచ్చి వెళ్ళిపోయాక నేను పెద్దమ్మ దగ్గర ఉండిపోయాను. ఒక రోజు గదిలోకి వెళ్తే మంచం మీద కూర్చుని ఆయన చొక్కా మొహానికి ఆనించుకుని ఉంది. ఉతక్కుండా మిగిలిపోయిన చొక్కా అది. నేను వెనక్కి తిరగబోతే పిలిచింది.

"మనిషి పోతే బట్టల్లో కొన్నాళ్ళు వాసన ఉంటుందంటారు. నాకు అదీ లేదే" అంది. చొక్కా నా చేతికిచ్చింది. "చూసి చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

మెడ పట్టీ దగ్గర వాసన చూశాను. చెప్పాను. గ్రీజు. దాని కింద బట్టల సబ్బు. చంకల దగ్గర చెమట, కాస్త ఘాటుగానే. జేబు దగ్గర ఆయన నమిలే సోంపు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వింది. సోంపు దగ్గర చేయి చాపి జేబు తడిమింది. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

తర్వాత వారాల్లో ఇంకో మూడుసార్లు అడిగింది. మూడోసారికి సబ్బు వాసన ఒక్కటే మిగిలింది. అదే చెప్పాను. ఆమె చొక్కా తీసుకుని బాల్చీలో నానబెట్టి, ఉతికి, దండెం మీద ఆరేసింది. అంతసేపూ ఏడుస్తూనే ఉంది. ఆ రాత్రికి రొట్టె చాలంది. ఇద్దరం వంటింటి గట్టు దగ్గర నిలబడే తిన్నాం.