నా గొంతుకు రెండు శేర్ల బియ్యం

నా ఇరవయ్యో ఏట నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటి చెబుతాను. తిరుపతిలో మా వీధివాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మీరూ నవ్వండి. కానీ తప్పు నాది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

అవి యుద్ధం రోజులు. బియ్యానికి రేషను. అయినా ధనుర్మాసం వచ్చిందంటే మా వీధి భజన గుంపు తెల్లవారకముందే తాళాలు పట్టుకుని బయలుదేరేది. ఇంటింటా పిడికెడు బియ్యం వేసేవాళ్లు. నెలాఖరున వాటితో పొంగలి వండుకుని అందరూ కలిసి తినేవాళ్లు. ఆ గుంపులో నిలబడి పాడాలన్నదే నా కోరిక.

మొదటిరోజే గుంపు పెద్ద మునస్వామి మామ నా చేతిలో తాళాలు లాక్కున్నాడు.

"సెంగయ్యా, రేపట్నించి నువ్వు రావాకప్పా."

"ఏం మామా? నా గొంతుకేమొచ్చినాది?"

"నీ గొంతుకేమీ రాలేదు. మాకే తలనొప్పి వచ్చినాది."

అందరూ పగలబడి నవ్వారు. నాతో గోలీలాడిన వాళ్లు కూడా! ఇదేం అన్యాయమండీ? రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. జ్వరమనుకుని అమ్మ మిరియాల కషాయం పోసింది. కషాయానికి తగ్గే జబ్బా అది? వీధిలో వాళ్ల పాట వినబడితే చాలు, దుప్పటి ముసుగేసుకునేవాణ్ని.

మూడోరోజు పౌరుషం పొడుచుకొచ్చింది. వాళ్లకంటే ముందే లేచి, భుజాన జోలె తగిలించి, కంచుచెంబు, గరిటె పట్టుకుని ఒక్కడినే భజన మొదలుపెట్టాను.

పల్లవి పూర్తి కాకముందే మొదటి ఇంటి తలుపు తెరుచుకుంది. చేటెడు బియ్యం! రెండో ఇంట్లోనూ అంతే. పిడికెడు వెయ్యడానికే వెనకాడే రోజుల్లో నా జోలె నిండిపోతోంది. చూశారా, జనం నన్ను మెచ్చారు! గొంతు ఇంకాస్త పెంచాను.

వీధి చివర గంగమ్మవ్వ పరుగున వచ్చి ఏకంగా రెండు శేర్లు కుమ్మరించింది.

"అవ్వా, ఇంకో పాట పాడేదా?"

"వద్దు నాయనా! పాడకూడదనే గదా రెండు శేర్లు ఏసింది! బిడ్డ ఇప్పుడే నిద్రపోయినాది. నీకు దండం పెడతా, పో."

"మరి మిగతా ఇండ్లోళ్లు?"

"వాళ్లు మాత్రం ఎందుకేసినారనుకుంటివి?"

వెనకాలే వచ్చిన మునస్వామి మామ ఇదంతా విన్నాడు. కొడతాడనుకున్నాను. జోలె ఎత్తి బరువు చూశాడు.

"పది దినాల బియ్యం ఒక్క పూటలో తెచ్చినావు గదరా! రేపట్నించి మాతోనే రా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "పాడేదానికా మామా?"

"లాంతరు పట్టుకోని ముందర నడిసేదానికి. నోరు మాత్రం తెరవాకు."

మర్నాడు ఒక ఇంటివాళ్లు ఎంతకీ తలుపు తియ్యలేదు. మామ గట్టిగా అరిచాడు: "బియ్యం ఏస్తారా, సెంగయ్యను పాడమనేదా?"

తలుపు తెరుచుకుంది.

నెలాఖరు పొంగలి నాకే మొదట వడ్డించారు. అందరి మధ్య కూర్చుని తింటే ముద్ద చక్కగా దిగింది. కానీ అవమానం అవమానమే కదా! ఆ విస్తరి ముందే ఏడుకొండలవాడి మీద ఒట్టేశాను, ఎవరైనా నోరారా అడిగితే తప్ప ఈ జన్మలో పాడనని. ఆ ఒట్టు ఇన్నేళ్లూ తప్పలేదు. ఒక్కరైనా అడిగితే కదా!